ఆటోమేటిక్ కారు వణుకుతోంది, గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్రోల్ కారు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేసి డి లో వేస్తే రెండు మూడు సెకన్లు ఆగి, ఆ తర్వాత ఒక్క కుదుపుతో కదులుతోంది. రేణిగుంట రోడ్డులో 50, 60 స్పీడులో నిదానంగా పోతుంటే బండంతా సన్నగా వణుకుతోంది. సర్వీస్ సెంటర్లో అడిగితే ‘ఇది లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చే పనే లేదు’ అన్నారు. బయట మెకానిక్ ఒకాయన ‘గేర్‌బాక్స్ దింపాల్సిందే’ అన్నాడు. తిరుపతిలో ఇంటి దగ్గరే ఆయిల్ మార్చుకుంటే సరిపోతుందా అని మీ ప్రశ్న.

మార్చుకోవచ్చు. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ నేనైతే ముందు ఆయిల్ లెవెల్, ఆయిల్ స్థితి చూస్తాను. ఆయిల్ దించి నింపడం ఇంట్లో అయ్యే పనే. వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ దారిలో పంపాలో చూసే భాగం) విప్పడం, మెషీన్ పెట్టి ఫ్లష్ కొట్టడం, క్లచ్ ప్లేట్ల పని మాత్రం ఇంట్లో వద్దు. ఆయిల్ బయటికి తీసి కళ్లతో చూడకుండా గేర్‌బాక్స్ దింపమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఆ ఆయిల్ చూస్తే లోపల ఏం జరుగుతోందో ముప్పాతిక భాగం తెలిసిపోతుంది.

నేను చిత్తూరులో ఈ పనే చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చే ఆటోమేటిక్ బండ్లలో నిజంగా గేర్‌బాక్స్ పోయినవి తక్కువ. ఆయిల్ మార్చక వచ్చినవి, తప్పు ఆయిల్ పోసి తెచ్చినవి, లెవెల్ సరిగా పెట్టక పాడైనవి ఎక్కువ. అందుకే ఈ సమాధానంలో లెవెల్ గురించే ఎక్కువ చెబుతాను. నట్టు విప్పడం ఎవరైనా చేస్తారు, లెవెల్ దగ్గరే అందరూ బోల్తా పడతారు.

ముందు మీ గేర్‌బాక్స్ ఏ రకమో ఖాయం చేసుకోండి

ఆటోమేటిక్ అంటే ఒకటే రకం కాదు. మన రోడ్ల మీద నాలుగు రకాలు తిరుగుతున్నాయి. ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న మామూలు ఆటోమేటిక్, గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ, రెండు క్లచ్‌ల డీసీటీ, క్లచ్‌ను యంత్రమే నొక్కే ఏఎంటీ. ఆరు గేర్లు, రెండు పెడళ్లు, సిగ్నల్ దగ్గర బ్రేక్ వదిలితే మెల్లగా దానంతట అదే కదలడం, గేర్ మారేటప్పుడు తల ఊగకపోవడం, ఇవన్నీ ఉంటే టార్క్ కన్వర్టరే అయ్యుంటుంది. అయినా ఓనర్ మాన్యువల్ చూసి నిర్ధారించుకోండి. ఈ సమాధానం టార్క్ కన్వర్టర్ బండికి.

మిగతావి ఉన్నవాళ్లు కూడా చదువుతారు కాబట్టి వాటి గురించి రెండు మాటలు. సీవీటీలో ఇనుప బెల్టు రెండు పుల్లీల మధ్య జారకుండా పట్టుకోవాలి, ఆ పట్టు ఇచ్చేది ఆయిలే. అందులో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు, పుల్లీ రెండూ పోతాయి. సీవీటీకి దాని ఆయిలే పోయాలి, ఇందులో ‘అడ్జస్ట్ అవుతుందిలే’ అనే మాట లేదు. ఏఎంటీలో లోపలున్నది మాన్యువల్ గేర్‌బాక్సే. దాని గేర్ ఆయిల్ మార్చడం సులభం, కానీ క్లచ్ నొక్కే యాక్చుయేటర్ జోలికి వెళితే తర్వాత స్కానర్‌తో క్లచ్ పాయింట్ నేర్పించాలి. డ్రై క్లచ్ డీసీటీ వణికితే చాలాసార్లు క్లచ్‌దే తప్పు, ఆయిల్ మార్చినా ఆ వణుకు పోదు.

నట్టు విప్పకముందు చూడాల్సినవి

ఒకటి, బ్యాటరీ. ఇది వినగానే నవ్వుతారు. గేర్‌బాక్స్‌కు మెదడు ఒక కంప్యూటర్, చేతులు సోలినాయిడ్లు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వులు. వోల్టేజీ పడిపోతే రెండూ తిక్కతిక్కగా చేస్తాయి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.4 వోల్టులు లేకపోతే ముందు దాన్ని చార్జ్ చేయించండి. ఇంజన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి.

రెండు, ఇంజన్ మౌంటింగులు. డి, ఆర్ వేసినప్పుడు ‘ధడ్’ మని కొట్టేది చాలాసార్లు గేర్‌బాక్స్ కాదు, చిరిగిన రబ్బరు మౌంటింగ్. బానెట్ తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, లోపల ఒకరు ఫుట్ బ్రేక్ గట్టిగా తొక్కిపెట్టి డి నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి డి కి మారుస్తుంటే మీరు పక్కన నిలబడి చూడండి. బండి ముందు మాత్రం నిలబడకండి. ఇంజన్ ఎగిరెగిరి పడుతుంటే సంగతి అక్కడుంది.

మూడు, స్కానర్. బండి కంప్యూటర్లోని తప్పుల కోడ్లు చదివే, ఫోన్‌కు కలిపే చిన్న ఓబీడీ స్కానర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, కొనుక్కోండి, డబ్బు దండగ కాదు. పి0700 అని వస్తే భయపడొద్దు. అది ‘గేర్‌బాక్స్ కంప్యూటర్లో ఏదో కోడ్ ఉంది, వెళ్లి చూడు’ అని ఇంజన్ కంప్యూటర్ చెప్పే కబురు మాత్రమే. అసలు కోడ్ లోపల వేరే ఉంటుంది. పి0741 అంటే ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను నేరుగా కలిపి బిగించే టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్ పట్టడం లేదని, పి0730 అంటే గేర్ నిష్పత్తి తప్పుతోందని, పి0715 అంటే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ వైపు గొడవ అని. పి0300, దాని తర్వాతి వరుస కోడ్లు (ఇంజన్ మిస్‌ఫైర్, అంటే సిలిండర్లో పెట్రోల్ సరిగా మండటం లేదని) కనిపిస్తే మాత్రం గేర్‌బాక్స్‌ను వదిలేసి ప్లగ్గులు, కాయిల్స్ చూడండి. గేర్‌బాక్స్ దింపడానికి రోజు కూడా ఖాయం చేసుకున్న ఒక బండి నా దగ్గరికి ‘ఒకసారి చూడన్నా’ అని వచ్చింది. ఒక ఇగ్నిషన్ కాయిల్ మారిస్తే వణుకు పోయింది. ఇంజన్ మిస్‌ఫైర్ వణుకు, గేర్‌బాక్స్ వణుకు రెండూ సీట్లో కూర్చున్నవాడికి ఒకేలా తెలుస్తాయి, తేడా పట్టడం కష్టం.

ఆ తేడా పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డులో, వెనక ఏ బండీ లేనప్పుడు, వణుకు వచ్చే స్పీడులో యాక్సిలరేటర్ కదపకుండా ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ను ఊరికే తాకించండి, లైటు వెలిగేంత చాలు. బ్రేక్ స్విచ్ పడగానే చాలా బండ్లలో లాకప్ క్లచ్ విడిపోతుంది. ఆ క్షణంలో వణుకు ఆగిపోతే తప్పు లాకప్ క్లచ్‌ది లేదా ఆయిల్‌ది. ఆగకపోతే ఇంజన్ మిస్‌ఫైర్, టైర్లు, డ్రైవ్ షాఫ్టుల వైపు వెతకండి. పూతలపట్టు నాయుడుపేట హైవే లాంటి నేరు రోడ్డు తెల్లవారుజామున దీనికి బాగుంటుంది. ఊళ్లో చేయొద్దు.

మీ బండి సెకండ్ హ్యాండ్ కాబట్టి ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. 2021 నవంబరు వానల్లో తిరుపతిలో ఎన్ని కార్లు నీళ్లలో మునిగాయో మీకు తెలుసు. గేర్‌బాక్స్‌కు పైన గాలి ఆడే చిన్న బ్రీదర్ ఉంటుంది. నీళ్లు ఆ ఎత్తుకు వస్తే దాంట్లోంచి లోపలికి పోతాయి. అట్లాంటి బండ్లు కడిగి, పాలిష్ కొట్టి చేతులు మారాయి. సీటు పట్టాల కింద తుప్పు, సీట్ బెల్టు చివరిదాకా లాగితే మట్టి మరక, ఇవి చూసుకోండి.

డి వేస్తే ఆలస్యం ఎందుకు?

టార్క్ కన్వర్టర్ బండిలో డి వేయగానే పంపు కొట్టిన ఆయిల్ ప్రెషర్‌తో లోపలి క్లచ్ ప్లేట్లు బిగుసుకోవాలి. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ రావడానికి టైం పడుతుంది. రాత్రంతా నిలిచిన బండిలో టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ కొంత కిందికి దిగిపోతుంది కాబట్టి పొద్దున ఆ ఆలస్యం ఎక్కువగా తెలుస్తుంది. లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడినా ఇదే లక్షణం. సెకను, సెకనున్నర మామూలే. రెండు మూడు సెకన్లంటే పట్టించుకోవాలి. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ఆయిల్ మార్చాక మళ్లీ తీసి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది, లేకపోతే డబ్బు పెట్టినందుకు బాగైనట్టే అనిపిస్తుంది.

ఇక ‘లైఫ్‌టైమ్’ సంగతి

ఏటీఎఫ్ ఒక్క గ్రీజు పనే చేయదు. చల్లబరుస్తుంది, ప్రెషర్ మోస్తుంది, క్లచ్ ప్లేట్ల మధ్య ఎంత జారాలో ఎంత పట్టాలో అదీ చూస్తుంది. వేడికి ఇందులోని మందులు అరిగిపోతాయి. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేసే ఆయిల్ 120 దాటి తరచూ కాగితే దాని ఆయుష్షు బాగా తగ్గిపోతుంది. లైఫ్‌టైమ్ అనే మాట చదును రోడ్డు మీద, మితమైన ఎండలో, మామూలుగా నడిపే బండికి సరిపోతుందేమో. చాలా మాన్యువళ్లలోనే కష్టమైన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది, కొండ రోడ్లు, అతివేడి, ఆగుతూ సాగే ట్రాఫిక్, బరువులు అని. ఆ నాలుగూ తిరుపతి బండికి వర్తిస్తాయి.

తిరుమల కొండనే తీసుకోండి. కింది నుంచి పైకి దాదాపు 700 మీటర్ల ఎత్తు, చిన్న దూరంలో, మలుపు మలుపుకూ స్పీడు తగ్గి మళ్లీ ఎత్తుకోవడం. తక్కువ స్పీడులో లాకప్ పడదు. లాకప్ పడనంతసేపూ టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ చిలకబడి వేడెక్కుతూనే ఉంటుంది. ఏడుగురు ఎక్కి, మే నెల మధ్యాహ్నం, ఏసీ ఫుల్లుగా పెట్టుకుని ఎక్కే బండి ఆయిల్‌కూ, చిత్తూరు టౌన్లో ఆఫీసుకు పోయొచ్చే బండి ఆయిల్‌కూ పోలిక ఉండదు. ఒకే మోడల్, ఒకే కిలోమీటర్లు ఉన్న రెండు బండ్ల ఆయిల్ పక్కపక్కన సీసాల్లో పోసి చూపించాను కస్టమర్లకు. కొండ బండిది కాఫీ డికాషన్ రంగులో ఉంది, రెండోదాంట్లో ఇంకా ఎరుపు మిగిలి ఉంది. నా లెక్క ఇక్కడి బండ్లకు టార్క్ కన్వర్టర్ అయితే 60 వేలకు, సీవీటీ అయితే 40 వేలకు. మీ మాన్యువల్ అంతకంటే ముందే మార్చమంటే మాన్యువల్ మాటే వినండి.

‘ముసలి గేర్‌బాక్స్‌లో కొత్త ఆయిల్ పోస్తే పోతుంది’ అని ఇంకో మాట వినిపిస్తుంది. దాంట్లో కొంత నిజముంది. ప్లేట్లు అప్పటికే కాలిపోయి, గేర్ జారుతున్న బండిలో కొత్త ఆయిల్ పోస్తే రేపు పోవాల్సింది ఈరోజు పోవచ్చు, నింద ఆయిల్ మీద పడుతుంది. మీ బండి జారుతున్నట్టు మీరు రాయలేదు. యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ఎగిరి స్పీడు పెరగకపోవడం ఉంటే అది జారడం. అలా ఉంటే ఈ పని మొదలుపెట్టకండి, ఒకసారి నిపుణుడికి చూపించండి.

ఏ ఆయిల్?

మాన్యువల్లో, లేదా డిప్‌స్టిక్ మీద, రాసిన స్పెసిఫికేషన్ ఒక్కటే ప్రమాణం. టయోటా డబ్ల్యూఎస్, హ్యుందాయ్ ఎస్పీ ఫోర్, డెక్స్‌రాన్ సిక్స్, ఇట్లా ఒక్కో కంపెనీ ఒక్కో ప్రమాణం పెట్టుకుంది. ‘అన్నీ ఎర్రగానే ఉంటాయి, ఏదైతే ఏంది’ అనే షాపు అతన్ని నమ్మకండి. ఎరుపు కేవలం రంగు. అన్ని బండ్లకూ సరిపోతుందని రాసిన డబ్బా కంటే మీ స్పెసిఫికేషన్ పేరు పెట్టి రాసిన డబ్బా మేలు. నకిలీ ప్యాకింగుల బెడద ఉంది కాబట్టి కంపెనీ పార్ట్స్ కౌంటర్లోనే కొని బిల్లు తీసుకోండి. దాంతోపాటు డ్రెయిన్ నట్టు, ఫిల్లర్ నట్టు వాషర్లు కొత్తవి తీసుకోండి. పాత వాషర్ మళ్లీ వేసి, లీకు వస్తోందని నట్టు ఇంకా ఇంకా బిగించి, అల్యూమినియం మరలు చెడగొట్టుకున్నవాళ్లను చూశాను. టార్క్ పానా లేకపోతే అరువు తెచ్చుకోండి, ఎంత బిగింపు కావాలో సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది.

పని ఎలా చేయాలి

జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందికి తల పెట్టొద్దు. ఇది నేను ఎంతమందికి చెప్పినా తక్కువే. నాలుగు గట్టి స్టాండ్లు కావాలి, లేదా తెలిసినవాళ్ల షెడ్డులో గుంత ఉంటే అది ఇంకా మంచిది. బండి నాలుగు వైపులా సమానంగా ఉండాలి. మన పోర్టికోలన్నీ వాన నీళ్లు పోవడానికి గేటు వైపు వాలుగా పోస్తారు, కంటికి తెలియదు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి డోరు కింది అంచు మీద పెట్టి చూసుకోండి. కొద్దిపాటి వాలు కూడా లెవెల్‌ను తప్పుగా చూపిస్తుంది.

ముందు ఫిల్లర్ నట్టు విప్పండి, తర్వాతే డ్రెయిన్ నట్టు. ఆయిల్ అంతా దించేశాక పై నట్టు రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది, తోసుకుపోవడానికి కూడా లేదు.

ఆయిల్ కొద్దిగా వెచ్చగా ఉన్నప్పుడు దించండి, మరీ కాలుతూ ఉన్నప్పుడు కాదు. కొన్ని ఆరు గేర్ల బాక్సుల్లో డ్రెయిన్ నట్టు, లెవెల్ చూసే నట్టు రెండూ ఒకటే. నట్టు తీస్తే లోపల నిలువుగా ఒక చిన్న గొట్టం కనిపిస్తుంది. అదనపు ఆయిల్ మాత్రమే దాని మీదుగా పొర్లి వస్తుంది. దాన్ని అలెన్ కీతో తీస్తేనే మిగతాది దిగుతుంది. ఇది తెలియక ‘అర లీటరే వచ్చింది’ అని కంగారుపడేవాళ్లు ఉన్నారు. తర్వాత ఆ గొట్టాన్ని మళ్లీ పెట్టడం మరిచిపోకండి.

వచ్చిన ఆయిల్‌ను గీతలున్న డబ్బాలో కొలవండి. పారబోయకండి, ఒక అర గ్లాసు తెల్ల సీసాలో పట్టి వెలుతురులో చూడండి.

ముదురు ఎరుపు, గోధుమ రంగు, వాసన మామూలు: వాడకం వల్ల వచ్చింది, మార్చుకుంటే చాలు. నల్లగా, కాలిన వాసన: ప్లేట్లు కాలాయి, ఆయిల్ మార్చినా ఎన్నాళ్లు ఉంటుందో హామీ లేదు. రోజ్‌మిల్క్ లాగా చిక్కటి గులాబీ రంగు: నీళ్లు కలిశాయి. వరద నీళ్లు కావచ్చు, లేదా రేడియేటర్ లోపల ఉండే గేర్ ఆయిల్ కూలర్ పగిలి కూలెంట్ కలిసి ఉండొచ్చు. కూలెంట్ అయితే క్లచ్ ప్లేట్ల మీది పేపర్ లైనింగ్‌కు అంటించిన జిగురును అది వదులు చేస్తుంది. అప్పుడు బండి నడపకండి, ముందు కూలర్ సంగతి తేలాలి.

చాంబర్ (కింద ఆయిల్ నిలిచే తొట్టి) దింపే వీలున్న బాక్స్ అయితే దాని అడుగున అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద మెత్తటి బూడిద రంగు పేస్టు ఉంటే కంగారు వద్దు, అరుగుదల ఎక్కడైనా ఉంటుంది. గోరుకు తగిలే ఇనుప ముక్కలు, పెళుసులు ఉంటే గేర్‌బాక్స్ దింపాలన్న ఆ మెకానిక్ చెప్పింది నిజం కావచ్చు. చాంబర్ దింపితే ఫిల్టర్, ప్యాకింగ్ రెండూ మార్చేయండి. కొన్ని బాక్సుల్లో ఫిల్టర్ లోపలెక్కడో ఉంటుంది, పూర్తిగా విప్పితే తప్ప రాదు, దాన్ని వదిలేయండి.

ఎంత వచ్చిందో సరిగ్గా అంతే పోయండి. ఇది మొదటి లెవెల్ మాత్రమే. అసలు లెవెల్ వేడి మీద పెట్టాలి.

లెవెల్, టెంపరేచర్, మన ఎండ

ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది. అందుకే కంపెనీ ఒక టెంపరేచర్ పరిధి ఇస్తుంది, ఆ పరిధిలో ఉన్నప్పుడే లెవెల్ చూడాలి. డిప్‌స్టిక్ లేని చాలా బాక్సులకు అది 40 డిగ్రీల చుట్టుపక్కల సన్నని పరిధి. కచ్చితమైన అంకె మీ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. ఇంజన్ నడుస్తూ ఉండగా, బ్రేక్ తొక్కి పి, ఆర్, ఎన్, డి అన్నింట్లో రెండు మూడు సెకన్ల చొప్పున పెట్టి మళ్లీ పి కి తెచ్చి, ఆయిల్ ఆ పరిధికి చేరగానే లెవెల్ నట్టు విప్పాలి. సన్నటి ధారగా కారి, చుక్కలుగా మారుతుంటే మూసేయాలి. అసలు రాకపోతే తక్కువ ఉన్నట్టు, కొద్దికొద్దిగా పోస్తూ రావాలి.

ఇక్కడే తిరుపతి సమస్య. మే నెలలో పగలు 40 దాటుతుంది. మధ్యాహ్నం మీరు బండి స్టార్ట్ చేయకముందే లోపలి ఆయిల్ ఆ పరిధిలో ఉంటుంది. స్టార్ట్ చేసి గేర్లన్నీ తిప్పేసరికి దాటిపోతుంది. దాటాక లెవెల్ చూస్తే ఉబ్బిన ఆయిల్ ఎక్కువగా బయటికి కారిపోతుంది, ‘చుక్కలు పడుతున్నాయి, సరిపోయింది’ అని మూసేస్తారు, చల్లారాక బండిలో ఆయిల్ తక్కువ. పొద్దున డి వేస్తే ఆలస్యం. ఒకవేళ మీ బండికి ముందు ఓనరు ఎండలో ఎవరిచేతనో లెవెల్ చూపించి ఉంటే మీ సమస్య మొత్తం అంతే అయ్యుండొచ్చు. అందుకే ఈ పని తెల్లవారుజామున చేయండి, రాత్రంతా నీడలో నిలిచిన బండికి. డిసెంబరు, జనవరి అయితే ఇంకా నయం.

టెంపరేచర్ స్కానర్‌లో చూడాలి. చవక స్కానర్లు కొన్నింటిలో గేర్‌బాక్స్ టెంపరేచర్ కనిపించదు, కొనేముందు మీ మోడల్‌కు అది చూపిస్తుందో లేదో అడగండి. లేకపోతే దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ మీటర్‌ను చాంబర్ మీద చూపిస్తే దాదాపు లెక్క వస్తుంది. చెయ్యి పెట్టి చూసి చెప్పే లెక్క పనికిరాదు. ఇంజన్ నడుస్తుండగా కిందికి వెళుతున్నారు కాబట్టి సైలెన్సర్ పైపు కాలుతుంది, చక్రాలకు రాళ్లు పెట్టండి, సీట్లో ఒక మనిషి తప్పకుండా ఉండాలి.

డిప్‌స్టిక్ ఉన్న పాత బండ్లకు పద్ధతి వేరు. ఎక్కువ బండ్లకు బాగా వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా పి లో చూస్తారు. హోండా పాత ఆటోమేటిక్‌లకు మాత్రం వేడెక్కాక ఇంజన్ ఆపి, నిమిషం నుంచి నిమిషంన్నర లోపల చూడమంటుంది. ఒక కంపెనీ పద్ధతి ఇంకో కంపెనీకి వాడొద్దు.

తక్కువ కంటే ఎక్కువ పోయడం మంచిదని అనుకునేవాళ్లూ ఉన్నారు. అది కూడా తప్పే. తిరిగే భాగాలు ఆ ఎక్కువ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి, గాలితో ప్రెషర్ రాదు, మళ్లీ జారడం. బ్రీదర్ నుంచి ఆయిల్ కక్కిన మరకలు గేర్‌బాక్స్ పైన కనిపిస్తే ఇదే.

ఒక్కసారి మారిస్తే సరిపోదు

డ్రెయిన్ నట్టు తీస్తే అంతా రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో, లోపలి దారుల్లో సగానికి పైగా ఆగిపోతుంది. ఒక్కో మార్పుకు నలభై శాతం మారుతుందనుకుంటే, మూడుసార్లు చేస్తే పాతది ఐదో వంతు మిగులుతుంది. కాబట్టి ఒకసారి మార్చి, ఒక వెయ్యి కిలోమీటర్లు తిప్పి, మళ్లీ మార్చి, ఇంకో వెయ్యి తర్వాత మూడోసారి. ఖర్చు ఎక్కువే, కానీ వయసు తెలియని బండికి మెషీన్ ఫ్లష్ కంటే నేను దీన్నే ఇష్టపడతాను. మెషీన్ ప్రెషర్‌తో ఎక్కడో మూల పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీ సందుల్లో ఇరుక్కుంటే కొత్త తలనొప్పి. మెల్లగా మారిస్తే ఏమైనా తేడా వస్తే మధ్యలో ఆపేసే వీలుంటుంది.

లాకప్ వణుకు కొన్నిసార్లు మొదటి మార్పుతోనే తగ్గిపోతుంది, కొన్నింటికి రెండోదాకా ఆగాలి. మూడోదాని తర్వాత కూడా అలాగే ఉంటే అప్పుడు లాకప్ సోలినాయిడ్, టార్క్ కన్వర్టర్ గురించి ఆలోచించాలి. అది షెడ్డు పని. ఆయిల్ మార్చాక కొన్ని బండ్లకు గేర్‌బాక్స్ నేర్చుకున్న పాత లెక్కలు స్కానర్‌తో చెరిపి, మళ్లీ నేర్పించాలి. మీ మోడల్‌కు ఆ పద్ధతి ఉంటే షెడ్డువాళ్లచేత చేయించండి, లేకపోతే మొదట్లో కొన్ని రోజులు గేర్లు కాస్త మొరటుగా పడుతున్నట్టుండి సర్దుకుంటాయి.

దించిన పాత ఆయిల్ కాలువలో పోయకండి. మూత బిగించి ఆటోనగర్‌లో పాత ఆయిల్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

కొండ ఎక్కేటప్పుడు

ఎక్కే ఘాట్‌లో డి లో వదిలేస్తే బండి మాటిమాటికీ గేర్లు మార్చుకుంటూ ఉంటుంది. ఎస్ (స్పోర్ట్) లేదా ఎం (మాన్యువల్) లో పెట్టి రెండో మూడో గేరు పట్టుకుని పోతే ఆయిల్ వేడి తగ్గుతుంది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలని టీటీడీ నిబంధన ఎలాగూ ఉంది, తొందరపడి సాధించేదేమీ లేదు. దిగేటప్పుడు 40 నిమిషాలు. 1944లో వేసిన పాత ఘాట్ మీదుగా దిగుతారు కాబట్టి తక్కువ గేరులో ఇంజన్ పట్టుతోనే దిగాలి, ఎన్ లో పెట్టి దొర్లించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ట్రాఫిక్ ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో నిలబెట్టే అలవాటు ఉంటే మానేయండి, బ్రేక్ తొక్కి పట్టుకోండి. మీ టార్క్ కన్వర్టర్ కొంత ఓర్చుకుంటుంది, ఏఎంటీ, డీసీటీ బండ్లలో అయితే క్లచ్ అక్కడికక్కడే కాలుతుంది.

మొగిలి ఘాట్ లోనో, ఇంకెక్కడో, వేడి గుర్తు వెలిగితే సురక్షితంగా పక్కకు తీసి పి లో పెట్టండి, ఇంజన్ ఆపకండి. ఇంజన్ నడుస్తుంటేనే పంపు ఆయిల్‌ను కూలర్ గుండా తిప్పుతుంది. బండి పూర్తిగా ఆగిపోయి ఎత్తుకుపోవాల్సి వస్తే మొత్తం బండిని పైకెక్కించుకునే లారీనే పిలవండి. డ్రైవ్ చక్రాలు నేల మీద దొర్లుతుండగా తాడు కట్టి లాక్కుపోతే పంపు తిరగదు, లోపల ఆయిల్ అందదు, పలమనేరు నుంచి చిత్తూరు చేరేసరికి బాగున్న గేర్‌బాక్స్ కూడా పాడవుతుంది.

మొదటి డ్రెయిన్ అయ్యాక ఈ నాలుగూ ఇక్కడ పెట్టండి: ఎన్ని లీటర్లు వచ్చింది, తెల్ల సీసాలో ఆయిల్ ఫొటో, చాంబర్ దింపితే అయస్కాంతం ఫొటో, స్కానర్ చూపించిన కోడ్‌లు. వణుకు మీద బ్రేక్ తాకించే పరీక్ష ఫలితం కూడా రాస్తే, రెండోసారి మార్చాలా, ఆపి షెడ్డుకు పోవాలా అన్నది అది చూసి చెబుతాను.